ఇంటిపేరొక్కటి - ఇండ్లనేకములు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభా నిర్వాహకులు మమ్ము మాటాడుమని కోరినప్పుడు మేము విద్యావ్యాప్తిని గూర్చియో, విద్యార్థి వసతిగృహ నిధిని గూర్చియో ప్రసంగింతుమని తలచియుందురు. ఆ విషయములను మాకంటె సమర్థులైనవారు నిన్నటి దినముననే చక్కగా వివరించిరి. కావున మేము చూచుటకు మిక్కిలి చిన్నదిగా తోచు నొక విషయమును తమ సన్నిధికి దెచ్చుచున్నాము. అది ఇంటిపేరు. ఇందేమున్నదని చిరునవ్వు నవ్వువారుందురు. ఒక ఇంటిపేరును సరిగా విచారింపకపోవుటచే ఒక ఆడుబిడ్డ పెండ్లి చెడిపోయినదని, ఆ చెడుటలో మాకును భాగము కలదని ఈ ప్రసంగములోనే తెలియజేసెదము. అటుపిమ్మట నవ్వవలయునో, విచారింపవలయునో తమ నిర్ణయమునకే విడిచెదము.

మా ఇంటిపేరు కంచర్ల. మా ముత్తాతగారు కృష్ణాతీరమునుండి ఈ మన్యపు సరిహద్దునకు వలస వచ్చిరని మా ఇంట చెప్పుకొందురు. ఖమ్మము నుండి భద్రాచలము వరకును గల ఈ సీమలో కంచర్ల యని చెప్పినంతనే ఎదుటివారి కన్నులు మెరయును. ఏలయన, భద్రాద్రి రామునకు ఆలయము గట్టించిన రామదాసుగారి ఇంటిపేరు అదియే. వారి జన్మస్థలము నేలకొండపల్లి. అసలు పేరు గోపన్న. గోలకొండను 1672 నుండి 1687 వరకు ఏలిన తానీషా కాలమున పాల్వంచ తహసీలుదారై, ప్రభుత్వ ధనమును ఆలయమునకు వెచ్చించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మగ్గిరని ప్రసిద్ధి. తమ వంశము కంచెర్ల యనియు, గోత్రము ఆత్రేయసమనియు వారు దాశరథీ శతకమున స్వయముగా చెప్పుకొనియున్నారు.

సోదరులారా! శ్రీరామనవమికి భద్రాచలము పోయినప్పుడెల్ల సత్రములో పేరు వ్రాసికొనువారు, “కంచర్లవారా! అయితే రామదాసుగారి వంశమా?” యని మమ్మడుగుచుండిరి. 2006లో శ్రీరామదాసు చలనచిత్రము వెలువడిన పిదప ఈ ప్రశ్న మరింత హెచ్చినది. రామదాసుగారు నియోగి బ్రాహ్మణులు. మేము ఈ కులమువారము. మా గోత్రము వేరు. ఈ సంగతి మాకు చక్కగా తెలియును. అయినను మేము కాదనలేదు, ఔననలేదు. చిరునవ్వు నవ్వి యూరకుంటిమి. ఆ మౌనమునకు ఫలముగా నొకప్పుడు మంచి గదియు, ఒకప్పుడు ముందువరుసలో కూర్చుండు భాగ్యమును లభించినవి. మౌనము సగము అబద్ధమని మా తల్లిగారు మందలించెడివారు. ఆమె మాట నిజమని నేటికి నలుగురియెదుట ఒప్పుకొనుచున్నాము.

ఇక ఇంటిపేర్ల పుట్టుకను విచారింతము. తెలుగువారి ఇంటిపేర్లలో అధికభాగము ఊళ్ల పేర్లనుండి వచ్చినవి. కొన్ని వృత్తులనుండియు, కొన్ని పదవులనుండియు, కొన్ని చెట్టుచేమల నుండియు, కొన్ని ఎవరో ఆడిన ఎగతాళి మాటలనుండియు పుట్టినవి. ఒక ఊరివాడు ఆ యూరనే యున్నంతకాలము వానికి ఊరిపేరుతో పనిలేదు. ఊరు విడిచి మరియొక చోటికి పోయినప్పుడు కదా, “ఎవరు వీరు?” అని యడిగిన అక్కడివారు “ఫలానా ఊరివారు” అని పిలుతురు! కావున ఇంటిపేరనగా విడిచివచ్చిన ఊరి గురుతు. ఉన్న ఊరిని తెలుపునది కాదు, పోగొట్టుకొన్న ఊరిని తెలుపునది.

ఇక్కడనే మొదటి చిక్కు గలదు. ఊరిపేరొక్కటియే యైనను ఊళ్లు పెక్కులుండవచ్చును. కొత్తపల్లి యను పేరుగల గ్రామములు తెలుగునాట దాదాపు ప్రతి జిల్లాయందును కలవు. అడవి కొట్టి కొత్తగా పల్లె వేసినవారు ఎక్కడివారైనను దానికి కొత్తపల్లి యనియే పేరిడిరి. ఆ యూళ్లనుండి వెడలినవారందరును కొత్తపల్లివారే యైరి. తెలంగాణ రాష్ట్రసాధనకై జీవితమంతయు శ్రమించి 2011లో కీర్తిశేషులైన ఆచార్య జయశంకరుగారి ఇంటిపేరు కొత్తపల్లి. 2014లో అరకు గిరిజన స్థానమునుండి లోకసభకు ఎన్నికైన గీతగారి ఇంటిపేరు కొత్తపల్లి. నరసాపురమునుండి శాసనసభకు ఎన్నికైన సుబ్బరాయుడుగారి ఇంటిపేరును కొత్తపల్లియే. ముగ్గురును వేర్వేరు సీమలవారు, వేర్వేరు కులములవారు. వీరిని ఒక్క వంశవృక్షపు కొమ్మలని చెప్పు సాహసము ఎవరికిని లేదు.

కంచర్ల మాటయు నట్టిదే. నల్లగొండనుండి 2018లో శాసనసభకు ఎన్నికైన భూపాల్ రెడ్డిగారు కంచర్లవారు. తూర్పు రాయలసీమ పట్టభద్రుల స్థానమునుండి 2023లో శాసనమండలికి ఎన్నికైన శ్రీకాంతుగారు కంచర్లవారు. రామదాసుగారు కంచర్లవారు. మేమును కంచర్లవారమే. మాటకు దగ్గరగా నుండు ఊళ్లు మరికొన్ని గలవు. కృష్ణాతీరపు సీమలో కంచికచర్ల, విశాఖపట్టణమున కంచరపాలెము, ఈ భద్రాద్రి మన్యములోనే చర్ల. వీటన్నింటికిని ఒకే మూలము కల్పించుట సులభము, నిరూపించుట దుర్లభము. చెవికి ఒకటిగా వినబడినంతమాత్రాన వంశమొకటి కానేరదు.

రెండవ చిక్కు వ్రాతలోనిది. మన సీమ చరిత్రను స్మరింపుడు. గోదావరికి ఈవలి ఖమ్మము సీమ నిజాము ఏలుబడిలో నుండెను. ఆవలి భద్రాచలము, రేకపల్లి సీమలను 1860లో నిజాము ప్రభుత్వము ఇంగ్లీషువారికి వదలుకొనెను. అవి తొలుత మధ్యపరగణాలలోను, 1874 నుండి మద్రాసు ఆధిపత్యములోను నుండెను. అందువలన నదికి ఈ దరిని అన్న, ఆ దరిని తమ్ముడు నివసించిన కుటుంబములో, అన్నపేరు ఉర్దూ లిపిలోను తమ్ముని పేరు తెలుగు, ఇంగ్లీషు లిపులలోను దాఖలాలకు ఎక్కెను. ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయరు. కావున కంచర్ల, కంచెర్ల, కంచిర్ల యనునవి అందు ఒక్కతీరుననే కానవచ్చును. చదువువాని నోటికి ఏది వచ్చిన అదియే పేరు. ఇంగ్లీషు లిపిలో ఒకే తండ్రి బిడ్డలు రెండు మూడు విధములుగా వ్రాసికొనుట మన మెరిగినదే. ఈ విధముగా ఒక్క వంశమువారు రెండు ఇంటిపేర్లవారైరి. పెక్కు వంశములవారు ఒక్క ఇంటిపేరువారుగా కలసిపోయిరి.

ఇది మన దేశముననే కాదు. ఐర్లండు దేశమున కెల్లీ యను ఇంటిపేరు మిక్కిలి వ్యాప్తిగలది. ఆ దేశభాషలో ‘ఓ’ యనగా మనుమడు, ‘మాక్’ అనగా కుమారుడు. పూర్వము కెల్లఖ్ అను పేరుగల వీరులు వేర్వేరు సీమలందు వేర్వేరుగా నుండిరి. వారి వారి సంతతివారందరును నేడు కెల్లీలైరి. ఇంగ్లీషువారి యేలుబడిలో పెక్కుమంది ముందున్న ‘ఓ’ను విడిచిరి, దేశభాషాభిమానము మేలుకొనిన పిదప కొందరు మరల చేర్చుకొనిరి. నేడు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను గల కెల్లీ యెవడైనను తన మూలమును వెదకదలచినచో, “నేను కెల్లీని” అనుటతో పని తీరదు, “ఏ సీమ కెల్లీని?” అని ప్రశ్నించుకొనవలయును. సభాసదులారా! ఈ ప్రశ్నను జ్ఞాపకముంచుకొనుడు.

ఇప్పుడు మా తప్పును విన్నవించెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మన కులములోనే రెండు కుటుంబముల నడుమ సంబంధము కుదిరెను. ఇరువురి ఇంటిపేరును కంచర్లయే. వరుని వారిది సత్తుపల్లి వైపు. కన్యక వారిది గోదావరి ఆవలి గట్టు. గోత్రములు వేరు. పిల్లవాడును పిల్లయు చదువుకొన్నవారు, ఒకరినొకరు ఇష్టపడిరి. తాంబూలములు పుచ్చుకొను సమయమున ఎవరో ఒకరు, “ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ములవరుస కదా!” యనిరి. మాట పెద్దలయొద్దకు వచ్చెను. ఆ పెద్దలలో మేమును ఒకరము. అరగంటసేపు చర్చ జరిగెను. ఇంటిపేరు కలిసినది కావున పెండ్లి తగదని నిర్ణయించితిమి. మేమును చేయి యెత్తితిమి.

తరువాత నొకనాడు ఆ కన్యక నాయనమ్మ మా ఇంటికి వచ్చినది. ఆమె చదువుకొన్నది కాదు. కోపపడలేదు, కన్నీరు పెట్టలేదు. అరుగుమీద కూర్చుండి ఒక్కమాట యడిగినది. “ఏ ఊరి కంచర్లవారో మీలో ఒక్కరైనను అడిగితిరా నాయనా?” అడుగలేదు! అరగంట మాటాడితిమి గాని ఆ ఒక్క ప్రశ్న మా నోట రాలేదు. ఆమె వేలుమడిచి తన మామగారు, వారి తండ్రి, తాత మొదలుగా ఆరుతరముల పేర్లు చెప్పినది. వారెన్నడును కృష్ణను చూచినవారు కారు. వరుని తాతలో మా తాతలవలె కృష్ణాతీరమునుండి వచ్చినవారు. రెండు కుటుంబములకును ఎరుకగల తరములలో పొత్తు అణుమాత్రమును లేదు. కాని అప్పటికే కాలము మించినది. వరుడు వేరొకచోట పెండ్లి చేసికొనెను. ఆ కన్యకకు అటుపిమ్మట నాలుగేండ్లకు గాని వివాహము కాలేదు. ఆ నాలుగేండ్లును ఆ ఇంటివారు పడిన మాటలు మేము పడినవి కావు.

మేమప్పుడు శాస్త్రమును కాపాడితిమని తలచితిమి. నిజముగా శాస్త్రము గాని చట్టము గాని ఏమనుచున్నది? ధర్మశాస్త్రములు నిషేధించినవి సగోత్ర, సపిండ వివాహములు. ఇంటిపేరు నందు ప్రస్తావింపబడలేదు. 1946 నాటి చట్టము సగోత్ర వివాహములకు గల అడ్డంకిని తొలగించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము తండ్రివైపున ఐదు తరములు, తల్లివైపున మూడు తరములలోపలి సపిండులను మాత్రము నిషేధించి, ఆచారమున్నచోట దానికిని మినహాయింపు నిచ్చెను. మన యిండ్లలో మేనరికములు జరుగుచున్నవి కదా! మేనమామ కూతురు రక్తబంధువు. ఆమెను చేసికొనుటకు మనకు అభ్యంతరము లేదు. ఆరుతరములకు ఆవలగూడ పొత్తులేని పిల్లను ఇంటిపేరు కలిసినదని కాదనుట ఏపాటి వివేకము? ఆచారమును కాదనుట మా యభిప్రాయము కాదు. ఆచారమును విచారముతో నడపుడనుటయే మా విన్నపము.

కొరియా దేశమున కిమ్ అను ఇంటిపేరుగలవారు జనాభాలో అయిదవవంతున కున్నారు. అందరును జ్ఞాతులేయని వారు పెండ్లిండ్లు మానినచో ఆ దేశము గతియేమి? కావున వారు ఇంటిపేరుతోడనే మూలస్థానమునుకూడ చెప్పుకొందురు. గిమ్హే కిమ్ వేరు, గ్యోంగ్జు కిమ్ వేరు. పేరును స్థానమును రెండును కలిసినచో వివాహము కూడదని అక్కడి చట్టము చిరకాలము శాసించెను. 1997లో వారి రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధము రాజ్యాంగమునకు సరిపడదని తీర్పు చెప్పెను. 2005లో చట్టము సవరింపబడెను. కఠినమైన నిషేధము గలిగిన దినములలో సైతము వారు “ఏ ఊరి కిమ్?” అని యడుగుట మరువలేదు. మనము మరచితిమి.

దూరదేశములదాక పోనేల? మన పొరుగుననే యున్న కోయ సోదరులను చూడుడు. సోయము, కుంజా, మడివి, పాయము, తెల్లము, సున్నము, తాటి, కారము మున్నగునవి వారి ఇంటిపేర్లు. ఈ పేర్లు ఈ మన్యములోనే గాక పెక్కుచోట్ల వినవచ్చును. నాడు ఖమ్మము, వరంగల్లు అడవులలో సాయుధ పోరాటమునందు ప్రాణములర్పించిన గంగులుగారు సోయమువారు. 2019లో ఆదిలాబాదు నుండి లోకసభకు ఎన్నికైన బాపూరావుగారును సోయమువారే. భద్రాచలము శాసనసభ స్థానమునకు 1985, 1989, 1994 సంవత్సరములలో ఎన్నికైన బొజ్జిగారు కుంజావారు; 2009లో వేరొక పక్షమునుండి ఎన్నికైన సత్యవతిగారును కుంజావారే.

అయితే కోయవారు ఇంటిపేరు నొక్కదానినే చూచి వరుస నిర్ణయింపరు. వారిలో మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు, ఆరవ గట్టు, ఏడవ గట్టు అను విభాగములు గలవు. ఒక్కొక్క గట్టులో పెక్కు ఇంటిపేర్లుండును. ఇంటిపేర్లు వేరైనను గట్టు ఒక్కటియైనచో వారు అన్నదమ్ములు. ఆ వంశగాథలను పడిగెలమీద చిత్రించి, డోలు వాయించుచు గానము చేసి, తరమునుండి తరమునకు అందించుచున్నారు. 2022లో పద్మశ్రీ బిరుదు పొంది 2024లో స్వర్గస్థులైన సకిని రామచంద్రయ్యగారు ఈ విద్యలో ఆరితేరినవారు. మణుగూరు మండలము కూనవరము వారి గ్రామము. అక్షరము రానివారని మనము చులకనగా చూచినవారు తమ వంశక్రమమును నోటనే నిలుపుకొనిరి. పట్టాలును పట్టములును గల మనము మూడుతరములకు మించి చెప్పలేకున్నాము. ఇది మనకు సిగ్గు కలిగింపవలసిన సంగతి.

సోదరీ సోదరులారా! ఈ విషయము నేడే యేల యందురా? కాలము మనకొరకు ఆగదు. 1986 ఆగస్టులో భద్రాచలమునొద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగెను. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. ఆ వరదలలో ఇండ్లతోపాటు పెట్టెలును, పెట్టెలలోని తాటాకు కట్టలును, పెండ్లి శుభలేఖలును, భూముల కాగితములును కొట్టుకొనిపోయినవి. వరద వచ్చి పోవును. కాని వచ్చి పోని నీరు మరియొకటి గలదు. పోలవరము జలాశయము 45.72 మీటర్ల మట్టమున నిండినచో కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు మండలములలోని గ్రామములనేకములు మునుగును. 2014లో ఆ మండలములు తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమునకు చేర్పబడినవి. కొన్ని గ్రామములవారు ఇదివరకే పునరావాస కాలనీలకు తరలిరి.

మేము మొదట చెప్పినమాటను మరల చెప్పుచున్నాము. ఇంటిపేరనగా విడిచివచ్చిన ఊరి గురుతు. పూర్వము ఊరు విడిచినను ఊరు నిలిచియుండెడిది. మనుమడు వెదకికొని పోయి రాతిదేవుని, రావిచెట్టును చూచి రాగలిగెడివాడు. ఇకమీదట కొందరికి వెదకుటకు ఊరే యుండదు. నీటిపైన పడవలో కూర్చుండి, “ఇక్కడ మన ఊరుండెడిది” యని బిడ్డకు చూపవలసివచ్చును. అప్పుడు ఆ యూరు మిగులునది ఇంటిపేరులోనే, అదియు వ్రాసి యుంచినచోనే. మారిషసుకు పూర్వము కూలికి తరలిన తెలుగువారి సంతతిలో అనేకులకు తాతపేరే ఇంటిపేరై, అసలు ఇంటిపేరు మాసిపోయినది. వారిలో ఎవరైనను మూలమును వెదకుచు మన తీరమునకు వచ్చినచో, ఏ ఊరని చూపగలము?

కావున ఈ మహాసభవారికి మేము చేయు మనవి ఇది. మన కులములోని ప్రతి కుటుంబమునుండియు నాలుగు సంగతులు వ్రాయించి యొక గ్రంథముగా అచ్చువేయింపవలయును. మొదటిది ఇంటిపేరు, దానిని తాము వ్రాయు విధమును, తాతలు వ్రాసిన విధమును. రెండవది గోత్రము. మూడవది తెలిసినంతవరకు పూర్వులు ఏ ఊరినుండి ఏ ఊరికి వచ్చిరను వలసక్రమము. నాలుగవది తరముల పేర్లు. ఇందు ఆడువారి పేర్లును వారి పుట్టినిండ్లును తప్పక చేర్పవలయును. ఏలయన, ఇంటిపేరు మగవారిది, జ్ఞాపకము ఆడువారిది. ఆ నాయనమ్మ లేకున్నచో మా తప్పు మాకే తెలియకపోయెడిది. తెలియనిచోట ఖాళీగా విడువుడు. గొప్పకొరకు ఏ రాజునో, ఏ భక్తునో తెచ్చి ఆ ఖాళీలో కూర్చుండబెట్టవలదు.

ఈ పనికి ముంపు మండలములలోని వృద్ధులతో ప్రారంభింపుడు. అచ్చుకూలికి పోషకులు తోడ్పడుదురని మాకు విశ్వాసము గలదు. మా శక్త్యనుసారము మొదటి చందాను మేమే కార్యదర్శిగారికి ఇచ్చుచున్నాము. ఇకపై ఏ సంబంధముపైనను ఇంటిపేరు కారణముగా తగవు పుట్టినచో, ఈ గ్రంథమును చూడకుండ ఏ పెద్దయు చేయి యెత్తరాదని యొక నిర్ణయమును ఈ సభ చేయవలయును.

ఇంటిపేరు కలిసిన ప్రతివాడును జ్ఞాతి కాడని ఇంతసేపు చెప్పితిమి. అంతమాత్రమున అతడు పరాయివాడని మా భావము కాదు. రామదాసుగారు మా వంశమువారు కారు. అయినను ఆ పేరు వినినప్పుడు మా యొడలు పులకరించును. ఆ పేరుకు తల వంపు రాకుండ నడువవలయునని తోచును. ఆ మాత్రపు చుట్టరికము చాలును. మొన్నటి శ్రీరామనవమికి సత్రములో గుమాస్తా వెనుకటివలెనే మమ్మడిగెను. “కాదు నాయనా! మాది వేరు కంచర్ల” యని చెప్పితిమి. గది వెనుకవైపున దొరికినది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టినది.